రెప్ప వేస్తేనే కేవైసీనా? మన యాప్‌ల దాకా యాక్సెసిబిలిటీ చట్టం ఎంతవరకు వచ్చింది

2023 జులైలో ప్రజ్ఞా ప్రసూన్ ఒక ప్రైవేట్ బ్యాంకులో ఖాతా తెరవడానికి వెళ్లారు. 2006లో జరిగిన యాసిడ్ దాడిలో ఆవిడ ముఖం, కళ్లు బాగా దెబ్బతిన్నాయి. డిజిటల్ కేవైసీలో లైవ్ ఫొటో దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోయింది. కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించాలి, ఆవిడకేమో రెప్ప వేయడం కుదరదు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, మాట్లాడుతోంది, కానీ ఆవిడ బతికున్న మనిషే అని సిస్టమ్ నమ్మదు. సోషల్ మీడియాలో గొడవయ్యాక బ్యాంకు ఆవిడ వరకు మినహాయింపు ఇచ్చింది. ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. తనలాంటి మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు.

మన సైట్‌లో ఎప్పుడూ ప్రాసెసర్లు, కెమెరాలు, ఛార్జింగ్ స్పీడ్ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి చట్టం గురించి. బోర్ కొట్టే సబ్జెక్ట్ అనిపిస్తుంది కానీ, మీ ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్‌కీ ఇది తగులుతుంది. మనలో చాలామంది రేపు ఆ యాప్‌లు రాయబోయేవాళ్లమే, కొందరం ఆల్రెడీ రాస్తున్నాం కూడా.

అసలు రెప్ప ఎందుకు వేయమంటారు?

టెక్నికల్‌గా దీన్ని లైవ్‌నెస్ చెక్ అంటారు. కెమెరా ముందు మీ ఫొటో ప్రింట్ పట్టుకునో, వేరే ఫోన్‌లో మీ వీడియో ప్లే చేసో ఎవరైనా మీ పేరు మీద ఖాతా తెరిచేయొచ్చు. అది ఆపాలి కాబట్టి ఎదురుగా ఉన్నది నిజమైన మనిషేనా అని సాఫ్ట్‌వేర్ చూస్తుంది. దానికి చాలా దారులున్నాయి. తల పక్కకి తిప్పమనొచ్చు. స్క్రీన్ మీద కనిపించే అంకెలు చదవమనొచ్చు. మనిషిని ఏమీ చేయమనకుండానే చర్మం మీద వెలుతురు ఎలా పడుతోంది, ముఖానికి లోతు ఉందా అని వెనకాలే లెక్కేసే పద్ధతులూ ఉన్నాయి. వీడియో కాల్‌లో అవతల కూర్చున్న ఉద్యోగి రెండు ప్రశ్నలు అడిగినా చాలు. వీటన్నిటిలో కోడ్ రాయడానికి తేలికైనది రెప్పపాటు. కంటి చుట్టూ కొన్ని పాయింట్లు పెట్టి, వాటి మధ్య దూరం తగ్గిందా లేదా చూస్తే అయిపోతుంది. సులువుగా ఉందని దాన్ని వాడారు, వాడగా వాడగా అదే రూల్ అన్నట్టు అయిపోయింది.

ఇదే టైమ్‌లో ఇంకో పిటిషన్ కూడా వచ్చింది. వేసింది అమర్ జైన్, వంద శాతం అంధత్వం ఉన్న న్యాయవాది. ఆయన చెప్పిన కష్టాలు వింటే ఏ యాప్ డెవలపర్‌కైనా వెంటనే అర్థమవుతాయి. సెల్ఫీ తీసుకునేటప్పుడు ముఖం గుండ్రంలో పడిందో లేదో స్క్రీన్ రీడర్ చెప్పదు. ఆధార్ కార్డు ముందువైపు ఏది, వెనకవైపు ఏది తెలియదు. ఓటీపీ వెతుక్కుని టైప్ చేసేలోపు టైమ్ అయిపోతుంది. ఇవన్నీ దాటుకొచ్చినా చివర్లో సంతకం పెట్టమంటారు, వేలిముద్ర ఒప్పుకోరు.

రెండు కేసులూ కలిపి విన్న జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహదేవన్ 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చారు. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమే అన్నారు. దాంతోపాటు 20 ఆదేశాలు ఇచ్చారు. కళ్లు ఆర్పడం తప్పనిసరి కాదని ఆర్‌బీఐ స్పష్టం చేయాలి. వేలిముద్ర ఒప్పుకోవాలి. కాగితం మీద కేవైసీ చేసే దారి కూడా ఉంచాలి. మెషిన్ తిరస్కరించిన దరఖాస్తుని ఒక మనిషి మళ్లీ చూసే ఏర్పాటు ఉండాలి. వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం, యాప్ విడుదలకి ముందు జరిగే యూజర్ టెస్టింగ్‌లో చూపు లేనివాళ్లని కూడా కూర్చోబెట్టాలన్నది. కోడ్ రాసేవాడికి వంద పేజీల గైడ్‌లైన్ చెప్పలేనిది అలాంటి ఒక్క టెస్టింగ్ సెషన్ చెప్పేస్తుంది.

ఆ తర్వాత 2025 ఆగస్టులో ఆర్‌బీఐ తన కేవైసీ నిబంధనలు సవరించింది. లైవ్‌నెస్ చెక్ వల్ల ప్రత్యేక అవసరాలున్నవాళ్లు బయట పడిపోకూడదు అని అందులో రాసింది. అంతకు కాస్త ముందు, జులై చివర్లో, సెబీ కూడా తన పరిధిలోని సంస్థల యాప్‌లు, వెబ్‌సైట్ల యాక్సెసిబిలిటీ మీద సర్క్యులర్ ఇచ్చింది. అంటే బ్యాంకింగ్, ట్రేడింగ్ యాప్‌ల వైపు కదలిక వచ్చింది.

చట్టం 2016దే, మరి ఇన్నాళ్లూ ఏం జరిగింది?

ఇక్కడే అసలు కథ ఉంది. కోర్టు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 42వ సెక్షన్ సమాచార, కమ్యూనికేషన్ టెక్నాలజీ గురించే. 46వ సెక్షన్ అయితే సర్వీస్ ఇచ్చేది ప్రభుత్వమైనా ప్రైవేట్ అయినా, రూల్స్ వచ్చిన రెండేళ్లలో వాటికి తగ్గట్టు మారాలి అంటుంది. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. ఆ లెక్కన 2019 మధ్యకల్లా మనం వాడే యాప్‌లన్నీ స్క్రీన్ రీడర్‌తో పనిచేయాలి. మీరు ఆశ్చర్యపోకండి, నేనూ మొదటిసారి చదివినప్పుడు తేదీ మళ్లీ చూసుకున్నాను.

ఎందుకు జరగలేదంటే, చట్టం 'చేయాలి' అంది, రూల్స్ 'చేస్తే బాగుంటుంది' అన్నాయి. 15వ రూల్ అనే ఒక్క రూల్ దగ్గర మొత్తం తేడా వచ్చింది. అది రకరకాల గైడ్‌లైన్స్‌ని చూపించి ఇవి పాటించండి అంటుంది. ఆ గైడ్‌లైన్స్ తెరిచి చూస్తేనేమో చాలా భాగం సలహాలే. కోడ్ భాషలో చెప్పాలంటే ఎర్రర్ రావాల్సిన చోట వార్నింగ్ పెట్టారు. వార్నింగ్‌లు ఎవరు చదువుతారు, బిల్డ్ పాసైతే చాలు కదా.

దీన్ని బయటపెట్టిన పని మన హైదరాబాద్‌లో జరిగింది. రాజీవ్ రాటూరి అనే పిటిషనర్ చాలా ఏళ్లుగా నడిపిస్తున్న కేసులో, దేశంలో యాక్సెసిబిలిటీ ఏ స్థితిలో ఉందో చూసి రిపోర్ట్ ఇవ్వమని సుప్రీంకోర్టు నల్సార్ లా యూనివర్సిటీలోని సెంటర్ ఫర్ డిజేబిలిటీ స్టడీస్‌ని అడిగింది. శామీర్‌పేట వైపు వెళ్లినవాళ్లకి ఆ క్యాంపస్ తెలిసే ఉంటుంది. ఆ రిపోర్ట్ చూశాక 2024 నవంబర్ 8న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ బెంచ్ 15వ రూల్‌లోని మొదటి భాగం మూల చట్టానికే విరుద్ధం అని తేల్చింది. తప్పనిసరి అంశాలేవో, సలహాలేవో విడదీసి మూడు నెలల్లో రూల్స్ తేవాలని కేంద్రానికి చెప్పింది. ఆ రూల్స్ వచ్చాక పాటించనివాళ్లకి జరిమానాలు కూడా వేయాలంది.

జరిమానా అన్నాక ఎంతో చూద్దాం. 89వ సెక్షన్ ప్రకారం మొదటిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల వరకు. మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు. పదివేలంటే ఒక బడ్జెట్ ఫోన్ ధర. కోట్లమంది యూజర్లున్న కంపెనీకి ఇది ఆఫీసులో ఒకరోజు సమోసా, టీ ఖర్చు కింద కూడా రాదు. చట్టం ఎంత గట్టిగా రాసినా ఈ అంకె మారకపోతే ప్రొడక్ట్ మేనేజర్ ఆ టికెట్‌ని తర్వాతి స్ప్రింట్‌కే తోస్తాడు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లుంటే వాళ్ల స్ప్రింట్ బోర్డు చూపించమనండి.

పది నిమిషాల టెస్ట్

చట్టం పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకోండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ వెతకండి. ఆన్ చేసే ముందు రెండు వాల్యూమ్ కీలు కలిపి నొక్కితే ఆన్, ఆఫ్ అయ్యే షార్ట్‌కట్ పెట్టుకోండి, లేదంటే ఆఫ్ చేయడం రాక కంగారు పడతారు. ఐఫోన్ అయితే వాయిస్‌ఓవర్. దానికి ఐఓఎస్ 16 నుంచి తెలుగు గొంతు కూడా ఉంది.

ఇప్పుడు కుడివైపుకి స్వైప్ చేస్తే స్క్రీన్ మీద ఉన్నవి ఒక్కొక్కటిగా చదువుతుంది. రెండుసార్లు తడితే ఓపెన్ అవుతుంది. కళ్లు మూసుకుని మీరు రోజూ వాడే ఫుడ్ యాప్‌లో ఒక దోసె ఆర్డర్ పెట్టడానికి ప్రయత్నించండి. బాగా చేసిన యాప్ అయితే 'కార్ట్, రెండు ఐటెమ్స్, బటన్' అంటుంది. పట్టించుకోని యాప్ అయితే 'బటన్... బటన్... లేబుల్ లేని బటన్' అంటుంది. అందులో ఏది డిలీట్, ఏది డబ్బు కట్టేది? నొక్కి చూస్తేగానీ తెలియదు.

దీని వెనక ఉన్న కోడ్ ఎంతో తెలుసా? ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అనే ఒక్క లైన్. ఫ్లట్టర్‌లో సెమాంటిక్స్ విడ్జెట్, రియాక్ట్ నేటివ్‌లో యాక్సెసిబిలిటీ లేబుల్. డిజైన్ మారదు, స్పీడ్ తగ్గదు. గూగుల్ యాక్సెసిబిలిటీ స్కానర్ అనే ఉచిత యాప్ ఇస్తుంది, స్క్రీన్ మీద ఎక్కడెక్కడ లేబుల్ లేదో, ఏ అక్షరాలు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతున్నాయో గీతలు గీసి చూపిస్తుంది. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, నొక్కే చోటు 48 డీపీ ఉండాలి అని ఆండ్రాయిడ్ వాళ్లే చెప్తారు. తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టే డిజైనర్లకి ఈ లైన్ ఫార్వర్డ్ చేయండి, ఎండలో ఫోన్ చూసేవాళ్లందరూ మీకు రుణపడి ఉంటారు.

ఇంకో చిన్న టెస్ట్. ఫాంట్ సైజు ఫుల్‌గా పెంచండి. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా వెళ్తుంది. మీ ఇంట్లో అమ్మ ఫోనో తాతయ్య ఫోనో అలాగే ఉంటుంది, చూసే ఉంటారు. చాలా యాప్‌లలో కింద ఉండే 'కన్ఫర్మ్' బటన్ స్క్రీన్ బయటికి వెళ్లిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో దివ్యాంగులు 2.68 కోట్లమంది. చత్వారం వచ్చిన మన అమ్మానాన్నలు ఆ లెక్కలో లేరు.

టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే తెరుచుకోని బ్యాంకు యాప్

ఇది కొంచెం లోతైన విషయం, కానీ మన సైట్ చదివేవాళ్లకి నచ్చుతుంది. టాక్‌బ్యాక్ లాంటివి పనిచేయడానికి ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ సర్వీస్ అనే పర్మిషన్ ఉంటుంది. అది చాలా పవర్‌ఫుల్. స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ తరఫున బటన్లు నొక్కగలదు. చూపు లేనివాళ్లకి కావాల్సింది అదే. దొంగలకి కావాల్సింది కూడా అదే. 'మీ పార్సిల్ ఆగింది, ఈ ఏపీకే ఇన్‌స్టాల్ చేయండి' అని వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు అడిగేది చాలాసార్లు ఈ పర్మిషనే.

దాంతో కొన్ని ఫైనాన్స్ యాప్‌లు ఒక షార్ట్‌కట్ కనిపెట్టాయి. ఫోన్‌లో ఏ యాక్సెసిబిలిటీ సర్వీస్ ఆన్‌లో ఉన్నా సరే, యాప్ తెరుచుకోదు. 'భద్రత కోసం దాన్ని ఆఫ్ చేసి రండి' అని మెసేజ్. చూపు ఉన్నవాళ్లకి ఇది చిన్న చికాకు. స్క్రీన్ రీడర్ మీద బతికేవాళ్లకి మాత్రం, ఆఫ్ చేశాక ఆ మెసేజ్ తర్వాత ఏముందో వినే దారే లేదు. దొంగ వస్తాడని ఇంటాయన్నే బయట నిలబెట్టినట్టు.

భద్రత ముఖ్యం కాదని నేను అనట్లేదు. ఫ్రాడ్‌లో డబ్బు పోయినవాళ్ల బాధ తక్కువేం కాదు. కానీ దీనికి ప్లాట్‌ఫామ్ లెవెల్‌లో పరిష్కారం వచ్చేసింది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఒక సర్వీస్ తాను నిజంగా దివ్యాంగుల కోసం చేసినదే అని చెప్పుకునే ఫ్లాగ్ ఉంది. అది పెట్టిన యాప్‌లకి ప్లే స్టోర్‌లో విడిగా నిబంధనలున్నాయి. ఆండ్రాయిడ్ 14లో ఇంకో అట్రిబ్యూట్ ఇచ్చారు. పిన్, బ్యాలెన్స్ లాంటి సున్నితమైన భాగాల మీద దాన్ని పెడితే, ఆ ఫ్లాగ్ ఉన్న సర్వీసులకి తప్ప వేరేవాటికి ఆ భాగం కనిపించదు. అంటే టాక్‌బ్యాక్ చదువుతుంది, అడ్డదారి ఏపీకే చదవలేదు. పాత ఫోన్లలో ఇది పనిచేయదన్నది నిజమే. అక్కడైనా అందరినీ బ్లాక్ చేసేబదులు, టాక్‌బ్యాక్ లాంటి తెలిసిన స్క్రీన్ రీడర్లను పేరు చూసి అనుమతించొచ్చు. ఆ పని చేయడానికి ఒక మంచి డెవలపర్‌కి ఒకటి రెండు రోజులు చాలు.

తెలుగు పీడీఎఫ్‌ల సంగతి

2017 రూల్స్‌లో వెబ్‌సైట్‌లో పెట్టే డాక్యుమెంట్లు ఈపబ్‌గా గానీ, అక్షరాలు గుర్తించగలిగే ఓసీఆర్ పీడీఎఫ్‌గా గానీ ఉండాలని ఉంది. ఇక మన దగ్గర జీవోలు, నోటిఫికేషన్లు ఎలా వస్తాయో మీకు తెలుసు. ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, కొంచెం వంకరగా స్కాన్ చేసిన బొమ్మ. స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ పేజీతో సమానం.

తెలుగులో ఇంకో తలనొప్పి అదనంగా ఉంది. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. పేజీ మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. మీరు ఆ పీడీఎఫ్ నుంచి ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి చూడండి, స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే చూపు లేని అభ్యర్థి ఆ మెటీరియల్ ఎవరితోనో చదివించుకోవాల్సిందే. దీనికి ఏఐ కూడా అక్కర్లేదు, టైప్ చేసేటప్పుడే యూనికోడ్ ఫాంట్ ఎంచుకుంటే సరిపోయేది.

క్లయింట్ యూరప్ అయితే ఒక రూలు, మనకైతే ఒక రూలు

ఐటీలో పనిచేసేవాళ్లకి ఈ తేడా రోజూ కనిపిస్తుంది. 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకి వచ్చింది. స్మార్ట్‌ఫోన్లు, ఈ-రీడర్లు, ఆన్‌లైన్ షాపింగ్, బ్యాంకింగ్ సేవలు అన్నీ దాని కింద ఉన్నాయి. అమెరికా ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ అమ్మాలంటే సెక్షన్ 508 ఉంది, దానికోసం వీపీఏటీ అనే డాక్యుమెంట్ నింపాలి. గచ్చిబౌలిలో కూర్చుని ఆ ప్రాజెక్టుల్లో లేబుల్స్ పెట్టేదీ, స్క్రీన్ రీడర్‌తో టెస్ట్ చేసేదీ మన కుర్రాళ్లే. పని రాక కాదు, ఇక్కడ అడిగేవాళ్లు లేక.

మన దేశ ప్రమాణం ఐఎస్ 17802. 2021లో మొదటి భాగం, 2022లో రెండో భాగం వచ్చాయి, 2023లో దాన్ని చట్టం కింది రూల్స్‌లో చేర్చారు. ఇది యూరప్‌వాళ్ల ఈఎన్ 301 549 ఆధారంగా రాసిందే. వెబ్‌కి సంబంధించి రెండిటిలోనూ ఉన్నది డబ్ల్యూసీఏజీ 2.1 సూత్రాలే. అంటే యూరప్ క్లయింట్ కోసం వాడిన చెక్‌లిస్ట్ పేరు మార్చి మన యాప్ మీద నడిపేయొచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదు.

గ్యాడ్జెట్ రివ్యూల్లో ఏం చూడాలి

చట్టంలో 43వ సెక్షన్ అందరూ వాడగలిగే వస్తువుల తయారీని ప్రభుత్వం ప్రోత్సహించాలి అంటుంది. కానీ మార్కెట్ దీనికి ఎదురు దిశలో వెళ్తోంది. వాషింగ్ మెషిన్, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ అన్నిటి మీదా చదునైన టచ్ ప్యానెల్. తడిమితే ఏదీ తెలియదు. పాత తిప్పే నాబ్ ఉన్న మోడల్ చూపు లేనివాళ్లకి ఎన్నో రెట్లు మెరుగు, ధర కూడా తక్కువ. షాపుల్లో కార్డు గీకే మెషిన్లు చూడండి. మునుపు అంకెల బటన్లు ఉండేవి, 5 మీద చిన్న చుక్క ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల మొత్తం టచ్ స్క్రీన్. చూపు లేని కస్టమర్ ఏం చేస్తాడు? పిన్ పైకి చెప్తాడు, వెనక లైన్‌లో నలుగురు వింటారు.

ఫోన్ల విషయంలో నేను చూసేవి కొన్ని. ఫింగర్‌ప్రింట్ సెన్సర్ పక్కన పవర్ బటన్‌లో ఉంటే వేలికి తగులుతుంది, డిస్‌ప్లే కింద ఉంటే గాజు మీద వెతుక్కోవాలి. రివ్యూల్లో డిస్‌ప్లే కింద ఉన్నదాన్ని ప్రీమియం అని పొగుడుతాం, అందరికీ కాదు. కంపెనీ వేసిన స్కిన్‌లో కెమెరా, డయలర్, గ్యాలరీ లాంటి సొంత యాప్‌లకి లేబుల్స్ ఉన్నాయా? అప్‌డేట్ తర్వాత టాక్‌బ్యాక్ అలాగే పనిచేస్తోందా? కొనే ముందు మీ ఇంట్లోవాళ్ల కోసం ఇవి షాపులోనే చూసుకోవచ్చు.

మీకు ఏ యాప్‌లో అయినా లేబుల్ లేని బటన్లు కనిపిస్తే ముందు ప్లే స్టోర్ రివ్యూలో ఏ స్క్రీన్, ఏ బటన్ అని స్పష్టంగా రాయండి, డెవలపర్లు అలాంటివి నిజంగా చదువుతారు. 'యాప్ వేస్ట్' అని రాస్తే ఎవరూ చదవరు. కంపెనీ స్పందించకపోతే చట్టం కింద కేంద్రంలో దివ్యాంగుల చీఫ్ కమిషనర్ ఉన్నారు, రాష్ట్రాల్లో స్టేట్ కమిషనర్లు ఉంటారు. కేవైసీ దగ్గర బ్యాంకు ఇబ్బంది పెడితే తిరస్కరించిన కారణం రాతపూర్వకంగా అడగండి. బ్యాంకు సమాధానం నచ్చకపోయినా, 30 రోజుల్లో రాకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు. స్క్రీన్ రికార్డింగ్ ఒకటి పెట్టుకోండి, టాక్‌బ్యాక్ గొంతు వినిపించేలా.